ఔనని చెప్పలేని మెడ

నెవ్యాన ఉద్యోగానికి ముప్పు తెచ్చింది ఆమె నోట్లో ఉన్న బానిత్సా ముక్క.

వ్రాత్సా ఊరి ట్రాలీబస్సు డిపోలో పొద్దుటి బండి తీసే ముందు డ్రైవర్లు తినేది అదే. చీజు పెట్టి పొరలు పొరలుగా కాల్చిన రొట్టె. ఆమె ముక్క కొరికి నములుతూ ఉండగా డిపో అధికారి బోజిల్ గుమ్మంలోకి వచ్చాడు.

"నెవ్యానక్కా, మెడ పట్టేసిందని విన్నాను. బండి నడపగలవు కదా?"

నోరు ఖాళీగా లేదు. అలాంటప్పుడు బల్గేరియాలో ఎవరైనా చేసే పనే ఆమె చేయబోయింది. అక్కడ ఔననడానికి తల అడ్డంగా, అటూ ఇటూ ఊపుతారు. కాదనడానికి గడ్డం ఒక్కసారి పైకి ఎగరేస్తారు. పిల్లలు మాటలకంటే ముందు నేర్చేది ఈ రెండే. నెవ్యాన ఔనని చెప్పడానికి తల కుడికి తిప్పబోయింది. చెవి కింద పోటు మొదలై భుజం దాకా దిగింది. గడ్డం దానంతటదే పైకి లేచింది.

బోజిల్ ఒక క్షణం ఆమె వంక చూశాడు.

"నడపలేవా? దాచకుండా చెప్పావు, మంచిదే."

ఆమె మింగి, నీళ్ళు తాగి, బయటికి వచ్చేసరికి అతను లేడు. మధ్యాహ్నానికి డిపో డాక్టరు దగ్గరికి వెళ్ళమని కబురు వచ్చింది.

డాక్టర్ కలుదోవా కుడివైపు చూడమంది. నెవ్యాన చూసింది. డాక్టరు లేచి వెనక్కి వచ్చి, ఆమె రెండు భుజాల మీద చేతులు ఆనించి, మళ్ళీ చూడమంది. ఈసారి తల కొంచెం కదిలి ఆగిపోయింది.

"నడుంతో తిరుగుతున్నారు మీరు."

"కనబడాల్సింది కనబడుతుంది కదండీ, డాక్టరు గారూ. ఏదో ఒకదానితో తిరుగుతున్నాను."

"నడుం తిరిగితే తొడ కదులుతుంది. తొడ కదిలితే పాదం కదులుతుంది. ఆ పాదం బ్రేకు మీద ఉండాల్సింది. మీ బస్సు తలుపులు ఎటువైపు?"

"కుడివైపు."

"సైకిళ్ళు?"

అవీ కుడివైపే వస్తాయని నెవ్యానకు తెలుసు. కిందటి వారం బజారు స్టాపులో తలుపులు మూసి బండి కదిలిస్తుంటే ఒక సైకిలతను బస్సు రేకు మీద అరచేత్తో బాదాడు. బాదేదాకా అతను అక్కడున్నాడని ఆమెకు తెలియదు. అద్దంలో కనిపించని మూల అది. మెడ తిప్పితే తప్ప కనబడదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించింది. విరిగిందీ లేదు, జారిందీ లేదు. యాభై దాటిన మెడలో ఉండే అరుగుదలే ఉంది. నెలాఖరు దాకా సెలవు ఇచ్చింది. అప్పటికి మెడ తిరిగితే బండి. తిరగకపోతే స్టేషన్లో టికెట్ల కిటికీ.

"ఇగ్నాత్ బెల్యోవ్‌స్కీ దగ్గరికి వెళ్ళండి," అంది డాక్టరు. "ఈ ఫిల్ములు తీసుకెళ్ళండి. ఇవి చూడనిదే ఆయన మెడ ముట్టుకోడు."

టికెట్ల కిటికీ వెనక కూర్చున్నవాళ్ళను నెవ్యాన రోజూ చూస్తూనే ఉంది. వాళ్ళకు హీటరు ఉంటుంది, కుర్చీకి మెత్త ఉంటుంది. కిటికీ లోంచి ఎదురుగా ఉన్న గోడ కనిపిస్తుంది. ఆమెకు ఇరవై నాలుగేళ్ళప్పుడు మొదటిసారి ట్రాలీబస్సు ఇచ్చారు. అప్పటినుంచీ ఆమె రోజు మొదలయ్యేది బస్సు ముందు అద్దంలో, రోడ్డు చివర కొండ కనిపించడంతో. ఆ కొండ లేకుండా ఉద్యోగం ఎలా ఉంటుందో ఆమె ఊహించడానికి ప్రయత్నించి మానేసింది.

ఇంట్లో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా లేదు. మిరపకాయలు కాల్చే రోజులు. ఊళ్ళో ప్రతి బాల్కనీ నుంచీ పొగ లేస్తోంది. ఆమె భర్త త్సాంకో లేతు మిషన్ల కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడు. ఏడాదికి సరిపడా ల్యూతెనిత్సా పచ్చడి తానే చేస్తానని పూనుకున్నాడు. గరిటెతో ఆమె నోట్లో పెట్టి "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. ఆమె ఔనని తల తిప్పబోయింది. గడ్డం లేచింది. త్సాంకో ఇంకో గుప్పెడు వేశాడు. మళ్ళీ పెట్టి మళ్ళీ అడిగాడు. సీసాలకు ఎక్కించాక ఆ పచ్చడిని ఇంట్లోవాళ్ళు, పొరుగువాళ్ళు ఎవరూ తినలేకపోయారు.

"ముప్పయ్యేళ్ళ కాపురంలో నీ దగ్గర ఇన్ని 'కాదు'లు ఎప్పుడూ వినలేదే," అన్నాడు త్సాంకో.

"నోట్లో గరిటె దూర్చి అడిగితే ఎవత్తయినా ఏం చెప్తుంది?"

ఆమెకు సెలవు ఇవ్వకముందే అతను రకియా సారాలో తడిపిన క్యాబేజీ ఆకు ఆమె మెడకు కట్టి ఒక రాత్రంతా ఉంచాడు. తెల్లారి ఆకు తీసేసినా వాసన పోలేదు. సారా వాసన కొట్టే డ్రైవరు వెనక కూర్చోవడానికి ప్రయాణికులు జంకి వెనక సీట్లకు పోయారు. ఇప్పుడు కొత్త ఉపాయం ఆలోచించాడు.

"తువ్వాలు మెడకు వేసి ఒక్క గుంజు గుంజనా? మా మిలిటరీలో అలాగే చేసేవాళ్ళు."

"మీ అమ్మ కోడిని నువ్వు అలాగే కదా చంపింది."

ఇగ్నాత్ గది క్రీడామందిరం కింద ఉంది. మెట్లు దిగి వెళ్ళాలి. వయసులో ఉండగా ఆయన కుస్తీ జట్టు వెంట తిరిగాడు, పట్టేసిన నడుములు, మెడలు సర్దేవాడు. తర్వాత రాజధాని సోఫియా వెళ్ళి చదువుకుని పట్టా తెచ్చుకున్నాడు. గోడకు ఆ పట్టా ఉంది. దాని చుట్టూ చెవులు నలిగిన కుస్తీవాళ్ళ ఫొటోలున్నాయి. ఊళ్ళో ముసలివాళ్ళు మాత్రం ఆయన్ని చక్రక్చియా అనే అంటారు. పల్లెల్లో బెణుకులు సరిచేసేవాళ్ళకు తాతలనాటి పేరు అది. ఆయన కాదనడు.

నెవ్యాన కోటు విప్పుతుంటే ఇగ్నాత్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. సాయం చేయబోయిన త్సాంకోను కళ్ళతోనే ఆపాడు. ఆమె ఎడమ చెయ్యి తీసి, కోటును వీపు మీదుగా జార్చి, దాని కుడి చేతి కొస కోసం వెనక్కి చూడకుండా తడుముకుంది.

"బండిలో కూడా ఇలాగే తడుముకుంటావా, చెల్లెమ్మా?"

"బండిలో కోటు విప్పను, ఇగ్నాత్ అన్నా."

"మంచి జవాబే. కూర్చో."

ఆయన ఆమెను ముట్టుకోలేదు. అడగడం మొదలుపెట్టాడు. తల తిరుగుతుందా? కళ్ళ ముందు ఒకటి రెండుగా కనిపిస్తుందా? మింగేటప్పుడు ఇబ్బంది ఉందా? ఎప్పుడైనా పడ్డావా? చేతిలో వస్తువు జారిపోతుందా? నడకలో తూలుడు ఉందా? రాత్రిపూట నొప్పికి మెలకువ వస్తుందా? ఫిల్ములను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు. రెండు వేళ్ళు ఇచ్చి బిగించి పట్టుకోమన్నాడు. చిన్న సుత్తితో మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర తట్టాడు. అరికాలి మీద గీశాడు.

త్సాంకో కుర్చీలో అసహనంగా కదిలాడు. "ఒక్కసారి టక్కుమనిపిస్తే అయిపోతుంది కదా, ఇగ్నాత్ అన్నా. అరికాలితో ఏం పని?"

"అది మెడ, త్సాంకో. అక్రోటుకాయ కాదు."

"అందరూ అలాగే చేస్తారంటారు."

"అందరి దగ్గరికీ వెళ్ళొచ్చినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. మెడలోంచి మెదడుకు రక్తం పోతుంది. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి తేడా జవాబు వచ్చినా నేను చెయ్యి పెట్టను, ఆసుపత్రికి పంపిస్తాను. కిందటి నెల ఒకణ్ణి అలాగే పంపాను. వాడు నన్ను తిట్టుకుంటూ పోయాడు. వారం తర్వాత వాళ్ళావిడ తేనె సీసా పట్టుకుని వచ్చింది."

అప్పుడు కొనవేళ్ళతో మొదలుపెట్టాడు. పుర్రె కింద అంచు నుంచి ఒక్కొక్క వెన్నుపూస మీదుగా కిందికి దిగాడు. నొక్కలేదు. నెవ్యానకు ఆయన వేళ్ళు ఎక్కడున్నాయో ఒక్కోసారి తెలియలేదు. ఒక చోట ఆగాయి. సరిగ్గా పోటు మొదలయ్యే చోటు అది. ఎక్కడ నొప్పో ఆమె అప్పటికి చెప్పలేదు.

"ఇక్కడ ఒక కీలు తలుపులా బిగుసుకుంది," అన్నాడు. "ఎముక ఎక్కడికీ పోలేదు. పోయిందని ఎవరన్నా చెబితే నమ్మకు. కీలు కదలడం లేదు, దాన్ని కాపాడాలని చుట్టూ కండరాలు పట్టుకుని కూర్చున్నాయి. ముందు వాటిని నమ్మించాలి."

ఆ రోజు ఆయన మెడ జోలికి పోలేదు. బోర్లా పడుకోబెట్టి, రెక్కల మధ్య రెండు అరచేతులు ఆనించి, ఊపిరి వదలమన్నాడు. ఊపిరి చివర చేతులు ఒక్క గోరంత కిందికి దిగాయి. వీపులో కటుక్కుమంది. త్సాంకో లేచి నిలబడ్డాడు.

"వచ్చిందా?"

"చప్పుడు వచ్చింది. అది కీలులో గాలి బుడగ. చప్పుడు రాకపోయినా పని జరుగుతుంది. వచ్చినా జరగకపోవచ్చు."

నెవ్యాన లేచి కూర్చుంది. మెడ అలాగే ఉంది. ఊపిరి మాత్రం పక్కటెముకల కింది దాకా వెళ్ళింది. చాలా రోజులుగా అక్కడికి వెళ్ళడం లేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆయన ఇంట్లో చేయడానికి పని ఇచ్చాడు. గోడకు వీపు ఆనించి గడ్డం లోపలికి లాగడం, భుజాలు వెనక్కి తిప్పడం. రోజూ నడవమన్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడినప్పుడల్లా త్సాంకో "సైన్యంలో చేరుతున్నావా?" అనేవాడు. తర్వాత తర్వాత అతనూ పక్కన నిలబడి చేశాడు.

ఆమె మళ్ళీ మళ్ళీ ఆ మెట్లు దిగింది. వెళ్ళినప్పుడల్లా ఇగ్నాత్ మొదటి రోజు ప్రశ్నలు కొన్ని మళ్ళీ అడిగాడు. వీపు మీద, భుజాల మీద పనిచేశాడు. ఎడమవైపు మెడ సులువైంది. కుడివైపు ఇంకా అక్కడే ఆగుతోంది. నెలాఖరు దగ్గర పడింది.

ఒక మధ్యాహ్నం ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆమె తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది.

"ఇవాళ కుడివైపు కీలు కదపవచ్చు. చిన్న కుదుపు ఉంటుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులు కండరం నొప్పిగా ఉంటుంది. ప్రమాదం చాలా అరుదు, కానీ ఉంది. వద్దంటే మెల్లగా కదుపుతూనే పోదాం, ఎక్కువ రోజులు పడుతుంది. చెయ్యనా వద్దా? నోటితో చెప్పు."

"చెయ్యి."

"ఎప్పుడు చేస్తానో చెప్పను. సరేనా?"

"సరే."

"తల నా చేతుల్లో పెట్టు."

"పెట్టాను."

ఇగ్నాత్ చేతులు తీసేశాడు. ఆమె తల దిండుకు బెత్తెడు ఎత్తులో గాల్లో నిలిచి ఉంది. గోడ దగ్గర త్సాంకో నవ్వాడు.

"పెట్టానన్నావు," అన్నాడు ఇగ్నాత్.

నెవ్యానకు సిగ్గేసింది. తల వాల్చింది. ఆయన చేతుల్లోకి తీసుకోగానే మెడ మళ్ళీ బిగిసింది. వదులు చెయ్యమంటే ఇంకా బిగిసింది. తాను బిగిస్తున్న సంగతి ఆమెకే తెలియడం లేదు.

"డ్రైవర్ల మెడలన్నీ ఇంతే. వెనక అంతమందిని కూర్చోబెట్టుకుని వదులు చెయ్యడం కష్టం. అది వదిలెయ్. కబుర్లు చెప్పుకుందాం. నువ్వు మాత్రం నోరు విప్పకూడదు. తలతోనే."

"తలతోనా?"

"నోరు విప్పొద్దన్నాను. నువ్వు నడిపేది రెండో నంబరు బండేనా?"

ఆమె తల కొద్దిగా అడ్డంగా కదిలింది, ఆయన అరచేతుల మధ్య. చేతులు దాంతోపాటే వెళ్ళాయి.

"నీ భర్తకు వంట వచ్చా?"

గడ్డం పైకి లేచింది.

"అదేంటి! నేను పచ్చడి పెట్టలేదా?" అన్నాడు త్సాంకో.

"ఆ పచ్చడి కనీసం వీధికుక్కయినా తిన్నదా, నెవ్యానా?"

గడ్డం మళ్ళీ లేచింది. ఆమె పొట్ట నవ్వుతో కదిలింది. ఇగ్నాత్ చేతుల్లో ఆమె తల బరువెక్కింది. ఆయన ఆ బరువు కోసమే చూస్తున్నాడు.

"వర్షం పడితే బండి పైనున్న కరెంటు తీగల మీద నిప్పురవ్వలు వస్తాయా?"

తల అడ్డంగా వెళ్ళింది, ఈసారి ఇంకొంచెం దూరం.

"పెళ్ళి రోజున త్సాంకో తాగి పాడాడా?"

ఔనని తల ఎడమకు వెళ్ళింది, కుడికి వచ్చింది, అంచు దాకా వచ్చింది. ఆ అంచు దగ్గర ఇగ్నాత్ చూపుడువేలి పక్క ఎముక ఒక్క కుదుపు ఇచ్చింది. టక్కుమంది. ఆమె నవ్వు ఇంకా ఆగలేదు. ఆయన చేతులు అప్పటికే తలను నడిమికి తెచ్చి దిండు మీద దించాయి.

"అయిందా?" అంది నెవ్యాన.

"నోరు విప్పావు. కళ్ళు తెరిచి నా ముక్కు చూడు. ఒకటేనా రెండా?"

"ఒకటే. పెద్దది."

"తల తిరుగుతోందా? వేళ్ళు పట్టుకో. బిగించు. సరే, అలాగే పడుకో కాసేపు."

ఆమె పడుకుని పైకప్పు చూస్తూ ఆ కుదుపు గురించే ఆలోచించింది. నిలబడి ఉన్నవాడి గ్లాసులోని చిక్కటి బోజా పానీయం తొణక్కుండా బ్రేకు వేయడం ఆమెకు తెలుసు. నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఎప్పుడు తొక్కాలన్నది ఒక వంతు, ఎక్కడ వదిలెయ్యాలన్నది మూడు వంతులు. ఈయన చేతులు మొదలైన చోటు ఆమెకు తెలియలేదు. ఆగిన చోటు మాత్రం తెలిసింది. అక్కర్లేని ఒక్క వెంట్రుకవాసి కూడా ముందుకు పోలేదు.

"ఇది ఎన్నాళ్ళకు వచ్చింది అన్నా, నీకు?" అని అడిగింది.

"కుదపడం ఒక ఏడాదిలో వచ్చింది. ఎవరిని కుదపకూడదో ఇంకా నేర్చుకుంటున్నాను. లే. మెల్లగా. కుడివైపు చూడు."

ఆమె చూసింది. గోడ దగ్గర త్సాంకో కనిపించాడు. అతన్ని చూడటానికి భుజం కదపలేదు. త్సాంకో ముక్కు తుడుచుకున్నాడు.

చివరి రోజు డాక్టర్ కలుదోవా తన గదిలో పరీక్ష చేయలేదు. డిపోలో ఆగి ఉన్న బండి ఎక్కమంది. నెవ్యాన స్టీరింగు ముందు కూర్చుంది. బోజిల్ తెరిచి ఉన్న ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు ఆమె కుడిపాదం బ్రేకు మీద పెట్టించి, అది కదిలితే చెప్పమని బోజిల్‌కు పురమాయించి, తాను దిగి బస్సు చుట్టూ తిరిగింది. ఎడమవైపు నిలబడి వేళ్ళు చూపింది. నెవ్యాన ఎన్ని వేళ్ళో చెప్పింది. కుడివైపుకు వచ్చింది. చెప్పింది. ఇంకా వెనక్కి, అద్దంలో కనిపించని మూలకు పోయి నిలబడింది.

నెవ్యాన మెడ తిప్పింది. చివరి అంచు దగ్గర కొంచెం పట్టింది. వేళ్ళు కనిపించాయి. చెప్పింది.

"పాదం?" అని డాక్టరు అరిచింది.

"కదల్లేదు," అన్నాడు బోజిల్.

డాక్టరు ముందు తలుపు దగ్గరికి వచ్చి మెట్టు మీద కాలు పెట్టి నిలబడింది. "చివర్లో మీ మొహం మారింది. ఇంకా నొప్పి ఉందా?"

లేదని చెబితే సరిపోతుంది. గడ్డం ఎగరేస్తే చాలు. బండి తనదవుతుంది. బజారు స్టాపులో సైకిలతని అరచెయ్యి నెవ్యానకు గుర్తొచ్చింది. ఔనంది. తల ఎడమకు పోయింది, కుడికి పోయింది, మళ్ళీ ఎడమకు పోయింది.

డాక్టరు ఆ తల వంకే చూస్తూ ఉంది.

"ఇంకోసారి చెప్పండి. నొప్పి ఉందా?"

నెవ్యాన ఇంకోసారి ఔనంది, పూర్తిగా, రెండు వైపులా.

"ఇంత బాగా ఔనని చెప్పగలిగే మెడను కిటికీ వెనక కూర్చోబెట్టి ఏం చేసుకోను?" అంది డాక్టరు. "కానీ పొద్దుటి షిఫ్టు మాత్రమే. ప్రతి చివరి స్టాపులోనూ దిగి నడవాలి. ఇగ్నాత్ దగ్గరికి వెళ్ళడం మానకూడదు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను. అప్పుడు నడుంతో తిరిగితే నేనే స్వయంగా కిటికీ తెరిచి పెడతాను."

"విన్నావా, నెవ్యానక్కా?" అన్నాడు బోజిల్. "నడపగలవా మరి?"

"నోట్లో ఏమీ లేదు చూసుకో," అంది నెవ్యాన. "నడపగలను."

సోమవారం పొద్దున్న వాన పడుతోంది. బజారు స్టాపులో జనం ఎక్కారు. మిరపకాయల సంచీలతో ముసలివాళ్ళు దిగడానికి ఆలస్యం చేశారు. వెనకనుంచి ఎవరో "పోనియ్యవమ్మా, ఇక్కడే కాపురం పెడతావా?" అని కేకేశారు. ఆమె అద్దం చూసింది. అద్దంలో ఎవరూ లేరు. మెడ కుడికి తిప్పి, వెనక తలుపు దాటి ఆ మూల చూసింది. బిడ్డ బండి తోసుకుంటూ ఒకామె బస్సు పక్కనే వస్తోంది, గొడుగు మెడకు భుజానికి మధ్య ఇరికించుకుని. నెవ్యాన బ్రేకు వదల్లేదు. ఆ తల్లి పేవ్‌మెంటు ఎక్కి, గొడుగు సర్దుకుని, దూరం జరిగేదాకా చూసింది. తర్వాత తలుపులు మూసింది.